ఎవరి ఒంట్లో బంగారం

తడి దుప్పటి పిండడానికి వేళ్ళు ముడుచుకోక, ఉమారాణి దాన్ని బకెట్ అంచున వేసి మోచేతులతో అదిమింది. "దుప్పటిని పిండుతున్నవా, బుజ్జగిస్తున్నవా?" అని గుమ్మంలోంచి అత్త వెంకటనర్సమ్మ నవ్వింది.

కీళ్ళవాతానికి మొదట వాడిన మందు లివర్‌కు పడలేదు. అప్పుడు సూర్యాపేట డాక్టరమ్మ అరుణ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమని బంగారు గోలీలు రాసింది. "ఇది నగల బంగారం కాదమ్మా, బంగారంతో చేసిన మందు. నెమ్మదిగా, నెలల మీద పనిచేస్తుంది. నోట్లో పుండ్లు, దురద, విరేచనాలు వస్తే వెంటనే రావాలి. నెలనెలా రక్తం, మూత్రం పరీక్ష తప్పదు" అని చెప్పింది. నెలలు గడిచాక వేళ్ళు నిజంగానే వదులయ్యాయి. దేవుడి పటాల ముందు రెండు అరచేతులూ కలిసిన ఉదయం ఉమారాణి ఏడ్చేసింది.

ఆ సంబరం అత్తకు వేరే ఆలోచన తెచ్చింది. "బంగారమంటే బలమే గదా! ఇంట్ల గూసునేదానికెందుకు? నా కొడుకు పొద్దంత ఎరువుల బస్తాలు మోస్తడు." బలం మందు కాదని ఉమారాణి ఎంత చెప్పినా భర్త మహిపాల్ పాలగ్లాసు పట్టుకుని నవ్వాడు. "పొద్దటి గోలీ నాది, రాత్రిది నీది. ఆలుమగలన్నంక సగం సగమే గదనే."

ఆ ఇంట్లో మీగడైనా, కోడి కాలైనా అతని కంచంలోకే పోయేది. వడ్డించింది తనే. అందుకే కాబోలు, పొద్దటి గోలీ కూడా పాలతో పాటే అందించింది. వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. జాకెట్ హుక్కు పెట్టుకోలేక, అత్తను అడగలేక, స్నానాలగదిలో గోడకు తల ఆనించి నిలబడేది. మట్టపల్లి నరసింహస్వామిని తలుచుకుని, "స్వామీ, మొగుడికి పెట్టడం ధర్మమే. నా చేతులు కూడా పెట్టాల్నా?" అని అడిగేది. కలవని చేతులతో అడిగింది ఆయనకు చేరిందో లేదో.

ఇవాళ సూర్యాపేటలో డాక్టరమ్మ ఆమె వేళ్ళను ఒక్కొక్కటే వంచి చూసి తల అడ్డంగా ఊపింది. "పరీక్షలు బాగానే ఉన్నాయి, చేతులే పాడయ్యాయి. మందు పనిచేస్తలేదు. ఆపేద్దాం."

ఆపితే ఇక ఏ మందుంది? ఈ వేళ్ళు ఇట్లాగే కట్టెల్లా మిగిలిపోతాయి. ఉమారాణి వేళ్ళను కొంగు కిందికి దాచుకుంది.

"ఆపకుండ్రి మేడం, మస్తు మంచి మందు. ఇంకొన్ని నెల్లు రాయుండ్రి" అన్నాడు పక్కనే కూర్చున్న మహిపాల్ ఆత్రంగా.

డాక్టరమ్మ మురిసిపోయింది. "ఇంతగా పట్టించుకునే భర్త దొరకడం నీ అదృష్టమమ్మా!"

మహిపాల్ సిగ్గుపడి నవ్వబోయి, నోట్లో పుండ్లు సలపగానే బుగ్గ పట్టుకున్నాడు. ఇంకో చేత్తో దద్దుర్లెక్కిన మోచేయి గోక్కుంటున్నాడు. కారం తినలేడని వారం నుంచి అతనికి జావ కాస్తున్నది ఈ వంకర వేళ్ళే.

"ఆపండి మేడం" అంది ఉమారాణి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నాకు కాదు. ఈయనకు."