అందరి బదులూ ఊదినవాడు

మీకు తెలుసు. తెలియదని మాత్రం అనకండి. డాక్టరుకు తెలుసు, సూపర్‌వైజర్‌కు తెలుసు, అద్దాల గదిలో కూర్చునే మేనేజరుకు తెలుసు. ఒకే మనిషి గదిలో ఉన్న అందరి కార్డులూ ఒకదాని తర్వాత ఒకటి మెడలో వేసుకుని వచ్చి, ఊపిరి కొలిచే మీ యంత్రంలోకి ఊదాడు. ఎవరి పేరు పిలిచినా తెర మీద అదే కొండ గీత లేచింది. ఆడమనిషి కార్డు మీద మీసాల మనిషి ఊదినా మీ డాక్టరు తల ఎత్తలేదు. ఇప్పుడా మనిషి పోయాడు. మీ కాగితాల ప్రకారం అతని ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉన్నాయట. అయితే అతని చివరి రోజు ఎలా గడిచిందో అతనితో పనిచేసిన మేం చెబుతాం, వినండి.

ఆ ఉదయం అతను నీళ్ల డబ్బా భుజాన పెట్టుకుని మెట్ల మలుపులో నిలబడి, గోడ మీద పెచ్చులూడిన చోటు కేసి శ్రద్ధగా చూస్తున్నాడు. ఈమధ్య రోజూ చూస్తున్నాడు.

"ఆ గోడలో ఏం కనబడుతుందయ్యా నీకు?" పైనుంచి భార్య అరిచింది.

"రంగు... వేయిద్దామా అని."

"అద్దె కొంపకు రంగు వేయిస్తాడట మహారాజు! డబ్బా అక్కడ పెట్టు, నేనొస్తున్నా."

"నువ్వు రాకు."

ఆ కాస్త మాటకే అతనికి రెండు గుక్కల గాలి పట్టింది. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఎవరో ఏదో అడిగితే 'నాకేం తెలుసు' అని ఎగరేసి, మళ్లీ దించడం మరిచిపోయినట్టు ఉంటాయి ఆ భుజాలు. ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా మెడ కింద రెండు గుంటలు పడతాయి. వేళ్ల చివర్లు ఉబ్బి, గోళ్లు బోర్లించిన చెంచాల్లా గుండ్రంగా తిరిగాయి. రాత్రుళ్లు పడుకోలేడు, గోడకు దిండు ఆనించి కూర్చుంటాడు. భార్య అడిగితే నడుము నొప్పి అంటాడు. ఆమె నమ్మినట్టు నటిస్తుంది.

ఈ మనిషినే ఒకప్పుడు 'తిత్తి' అనేవాళ్లు. కొలిమి తిత్తి. ఫ్యాక్టరీలో అతని అసలు పేరు జీతాలిచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ పొడి సంగతి తెలియాలి. పొడి అంటే పిండో సున్నమో అనుకునేరు. వెంట్రుకను నిలువునా వేల పాయలుగా చీలిస్తే అందులో ఒక పాయంత ఉంటుంది ఒక రేణువు. నానో పొడి అంటారు. కొన్నాళ్లు వెండి, కొన్నాళ్లు బొగ్గు, కొన్నాళ్లు పేరు చెప్పని తెల్లది. కట్టు గుడ్డల్లోకి పోతుంది, మందుల్లోకి పోతుంది, టైర్లలోకి, రంగుల్లోకి, చెమట వాసన రాని మేజోళ్లలోకి పోతుంది. పొయ్యిలోంచి తీసి డబ్బాల్లో నింపే గదిలో అతని పని. అది ఎంత తేలికంటే దాని దగ్గర మాట్లాడితే లేస్తుంది. అందుకని నింపేటప్పుడు ఫ్యాను వేయరు. గదిలో గాలిని బయటికి లాగడానికే ఆ ఫ్యాను పెట్టారు. కానీ వేస్తే సరుకు కూడా గొట్టంలోకి పోతుందట. కాబట్టి స్విచ్ మీద టేపు అంటించారు. నింపేవాడు తూకం మీదికి వంగి, ఊపిరి బిగబట్టి, చెంచాతో మెల్లగా పోయాలి. బిగబట్టడంలో అతన్ని మించినవాడు లేడు. డబ్బా నిండేదాకా పొడి కదిలేది కాదు. ఆ తర్వాత వెనక్కి జరిగి, బిగబట్టిందంతా తీర్చుకోవడానికి ఒక్కసారిగా గుండెల నిండా లాగేవాడు, అచ్చం కొలిమి తిత్తి లాగే. ఎక్కడి గాలి? ఆ గదిలోదే.

పొడి మీద అతనికి కోపం ఉండేది కాదు. భార్య చేతి మీద మరుగుతున్న నీళ్లు పడ్డప్పుడు ఆసుపత్రిలో వెండి పొడి అద్దిన గుడ్డ కట్టారు. మచ్చ కూడా మిగల్లేదు. వారం రోజులు ఆమె చెయ్యి పట్టుకుని ఇంటింటికీ చూపించాడు. "మన సరుకే! నేను నింపిందే!" గుడ్డకు అంటుకుని ఉన్నంతసేపు అది మందే. ఆ మాట మేమూ కాదనం. మందు తయారుచేసేవాడి గుండెలో అదేం చేస్తుందో అడగడానికే మీకు నోరు రాలేదు.

నీళ్ల డబ్బా ఇంట్లో దించి అతను రోడ్డు మీదికి వచ్చేసరికి బావమరిది ఎదురుచూస్తున్నాడు. భార్యకు తమ్ముడు. వాణ్ని పనిలో పెట్టించింది ఈ బావే.

"ఏం బావా, పెళ్లికొడుకులా నడుస్తున్నావ్! మేళం పిలిపించనా?"

"నోరు ముయ్యరా."

నాలుగు అడుగులు వేశారు. బావమరిది దగ్గాడు. పొడి దగ్గు, చిన్నది, గొంతులో వెంట్రుక అడ్డం పడ్డట్టు. మళ్లీ దగ్గాడు. అతను నడక ఆపేశాడు.

"ఎన్నాళ్లయిందిరా?"

"ఏది?"

"ఆ దగ్గు."

"దుమ్ములే బావా."

"మన గదిలో దుమ్మెక్కడుందిరా, కళ్లకు కనబడితే కదా. మానెయ్."

"మానేసి? మీ వంటగదిలో కూర్చోనా? అక్క గరిటె తిరగేస్తుంది." నవ్వబోతే దగ్గొచ్చింది. తుడుచుకుని, "సరేగానీ, ఇవాళ ఊదుడు పరీక్ష. నీ కార్డు నాకిచ్చెయ్. నిరుటి లాగే నేనూదేస్తా" అన్నాడు.

అతను కార్డు జేబులోకి తోసుకుని నడిచాడు.

ఆ అలవాటు మొదలుపెట్టింది అతనే. డబ్బాలకు మూతలు బిగించే ఆవిడ ఉంది, అందరికీ మూతలక్క. కొన్నేళ్ల కిందట పరీక్ష నాటికి ఆమెకు దగ్గు పట్టుకుంది. ఊదలేనివాళ్లను ఇంటికి పంపేస్తారు. "ఇలా తే అక్కా, గాలికి కూడా కరువా?" అని ఆమె కార్డు మెడలో వేసుకుని వెళ్లి ఊదొచ్చాడు. మరుసటి ఏటికి అది ఫ్యాక్టరీ అంతటా ఆచారమైపోయింది. ఎవరికి ఆయాసమొచ్చినా తిత్తన్న ఉన్నాడు. ఒకరి ఉద్యోగం ఇంకొకరు నిలబెట్టుకున్నారు. మంచి పనే అనుకున్నారు. నిరుడు అతని ఊపిరే అడుగంటితే, కొత్తగా వచ్చిన బావమరిది అతని బదులు ఊదాడు.

ఆ పొద్దున పొడి డబ్బా మీద వంగినప్పుడు అతనికి ఒకటే ఆలోచన. తన ఊపిరి తనే ఊదితే? గీత కిందికి పడుతుంది. పడితే ఎందుకు పడిందని అడగాలి. అడిగితే గది చూడాలి. చూస్తే ఫ్యాను వేయాలి. తన ఉద్యోగం పోతుంది, పోనీ. ఫ్యాను తిరిగితే ఈ వెధవ బతుకుతాడు. తను చేజేతులా తెచ్చి ఈ గదిలో పడేసిన కుర్రవాడు, అక్కకు ఒక్కడే తమ్ముడు.

మధ్యాహ్నం కార్డు ఎవరికీ ఇవ్వకుండా తనే వరుసలో నిలబడ్డాడు. మూతలక్క మోచేత్తో పొడిచింది.

"ఏంటి తిత్తన్నా, మీ బావమరిది ఏడీ?"

"నేనే ఊదుతా అక్కా."

"మతి పోయిందా?"

"మిగిలింది మతి ఒక్కటే."

డాక్టరు తెర కేసే చూస్తూ గొట్టం అందించాడు. అతను ఊదాడు. గీత లేవలేదు, నేల మీద చీమలా పాకింది.

"సరిగ్గా ఊదు."

మళ్లీ ఊదాడు. కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. బల్ల పట్టుకున్నాడు.

"ఏంటిది? నిరుడు గుర్రంలా ఊదావ్. ఇప్పుడీ నాటకాలెందుకు? నష్టపరిహారం కావాలా?"

"నిరుడు ఊదింది నేను కాదు సార్."

"మరెవరు, మీ తాతా?"

సూపర్‌వైజర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతను ఆయన కేసి చూశాడు. ఆయన గోడ గడియారం కేసి చూశాడు. అతను ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఇక్కడెవరి ఊపిరీ... వాళ్లది కాదు సార్. అందరిదీ నేనే ఊదా. నన్ను చూసైనా... ఆ గదిలో ఫ్యాను వేయించండి."

డాక్టరు అప్పుడు తల ఎత్తాడు. ఒక్క క్షణం ఆ మెడ కింద గుంటలు చూశాడు. ఆ గోళ్లు చూశాడు. ఏం చూశాడో అతని మొహంలో తెలిసింది. చూడటం ఇష్టం లేనివాడిలా మళ్లీ తెర వైపు తిరిగాడు.

'సహకరించలేదు. నిరుటి ఫలితమే ఖాయం. పనికి అర్హుడు.' అదీ డాక్టరు యంత్రంలో కొట్టింది. మనుషుల్ని బతికించుకోవడానికి ఇన్నేళ్లు చెప్పిన అబద్ధం, నిజం చెప్పిన రోజున ఆ నిజం గొంతే నులిమింది.

"విన్నావుగా, అర్హుడివట. పద, డబ్బా సగంలో ఉంది" అన్నాడు సూపర్‌వైజర్.

అతను వెళ్లాడు. ఎదుటి బల్ల దగ్గర బావమరిది వంగి, బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి పోస్తున్నాడు. ఎంత పొందిగ్గా పోస్తున్నాడో. అచ్చం తనలాగే. అతను కాసేపు చూశాడు. తర్వాత గోడ దగ్గరికి నడిచి, స్విచ్ మీది టేపు గోటితో లాగి, ఫ్యాను వేశాడు.

పెద్ద చప్పుడైంది. రెండు డబ్బాల్లోంచీ తెల్లటి పొగ లేచి, మెలికలు తిరుగుతూ గొట్టంలోకి దూరింది. గాలి అతని చొక్కాను లాగింది. అతను గొట్టం కింద నిలబడి నోరు తెరిచి, చప్పుడయ్యేలా ఊపిరి తీశాడు. ఆ గదిలో అతను బిగబట్టకుండా తీసిన మొదటి ఊపిరి అది.

"సరుకు! సరుకు పోతోంది!" సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చి ఫ్యాను ఆపేశాడు. "రేపటి నుంచి రాకు నువ్వు!"

"వీడిని కూడా... రానివ్వకండి సార్" అన్నాడతను బావమరిదిని చూపిస్తూ.

బావమరిది అతన్ని బట్టలు మార్చుకునే గదికి నడిపించాడు. బల్ల మీద కూర్చోబెట్టాడు.

"ఏం పనిది బావా! అక్కకు ఏం చెప్పను?"

"గోడకు రంగు వద్దులే అని చెప్పు."

"నీ జోకులు తగలెయ్య."

అతను వంగి ఎడమ కాలి బూటు లేసు విప్పుకున్నాడు. వంగితే ఆయాసమని చాలాకాలంగా ఆ పని భార్యే చేసేది. ఇవాళ తనే చేశాడు. బూటు లాగి బల్ల కిందికి తోశాడు. రెండో దాని కోసం వంగబోయి, గోడకు తల ఆనించి ఆగాడు. బావమరిది నీళ్లు తెచ్చేసరికి భుజాలు కిందికి దిగి ఉన్నాయి. ఇన్నాళ్లకు మామూలు మనిషి భుజాల్లా ఉన్నాయి. చూడగానే కుర్రవాడికి అర్థమైంది.

మర్నాడు మీ మనుషులొచ్చి గుండెపోటు అన్నారు. ఊపిరితిత్తులకు ఢోకా లేదని కాగితం చూపించారు. స్విచ్ మీద కొత్త టేపు అంటించారు.

ఆ టేపు పీకండి. ఫ్యాను ఇవాళే వేయండి, సరుకు పోతే పోనీయండి. బయటి డాక్టర్ని పిలిపించి మమ్మల్నందరినీ మళ్లీ ఊదించండి, ఈసారి ఒక్కొక్కరి మొహం చూసి. ముందుగా బావమరిదిని. వాడు ఇంకా ఆ బల్ల దగ్గరే వంగి పోస్తున్నాడు. అబద్ధాలు ఊదామని మమ్మల్ని పంపేస్తారా, పంపండి. కానీ ఆ గదికి తాళం వేసి పంపండి. మా ఊపిరి మీకు సాక్ష్యం కాదంటారా, అయితే బట్టల గది బల్ల కింద మిగిలిన ఆ ఎడమ కాలి బూటుకు పరీక్ష చేయించండి. మూతలక్క దాన్ని ఒక డబ్బాలో పెట్టి మూత బిగించింది. మేజోడు దాటి, అడుగు అట్ట దాటి, అతని బొటనవేలు ఆనిన గుంట దాకా, బూటు లోపలంతా తెల్లగా ఉంది.