పలచటి స్లాబు కింద

ల్యాబులో బలం పరీక్షించే ప్రెస్సు కింద కాంక్రీటు దిమ్మ పగిలిన తీరు చూడగానే, ఆ బిల్డింగు డిజైనరమ్మ గుండె జారిపోయింది. స్లాబు పోసిన రోజే, అదే కాంక్రీటుతో పరీక్ష కోసం పోసిన దిమ్మ అది. ఇంకా సరిగ్గా గట్టిపడనే లేదు. అంటే స్లాబూ అంతే.

అంతా ఆవిడ ఘనకార్యమే. స్లాబు మందం తగ్గించింది, ఇనుము తగ్గించింది, సిమెంటు సగం తీసేసి బొగ్గు బూడిద కలిపించింది. ఖర్చు తగ్గింది, సిమెంటు తయారీలో గాల్లో కలిసే కార్బనూ తగ్గింది. ఆఫీసంతా మెచ్చుకుంటుంటే ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ ఊపులోనే, సెంట్రింగ్ పని చేయించే సొంత తమ్ముడు ఫోన్ చేసి, స్లాబు కింద దాన్ని మోస్తూ నిలబెట్టిన ఇనప జాకీలు ఎప్పుడు విప్పాలని అడిగితే, ఎప్పుడూ విప్పే రోజుకే విప్పెయ్ అనేసింది. బూడిద కలిస్తే కాంక్రీటు నిదానంగా గట్టిపడుతుందని, ఇలాంటి చలికాలంలో మరీ నిదానమని నలుగురికీ పాఠం చెప్పే మనిషి, తమ్ముడికి మాత్రం ఆ ముక్క చెప్పలేదు.

విప్పేది ఈరోజే. ఫోన్ చేస్తే ఎత్తడు. కారు తీసి సైటుకి పరుగున వెళ్ళింది. దారంతా తమ్ముడు స్లాబు కింద పడి ఉన్నట్టే కనిపించింది.

వెళ్ళేసరికి సగం జాకీలు విప్పేశారు. స్లాబు మధ్యలో కిందికి దిగింది. తమ్ముడు ఇంకో జాకీ మీద చెయ్యేశాడు.

"ముట్టుకోకురా. అందర్నీ బయటికి పంపు."

ఆవిడ మొహం చూసి వాడు మారుమాట లేకుండా పంపేశాడు. ఇలా వదిలేస్తే స్లాబు పక్క గోడని కూడా లాక్కుని పొరుగింటి మీద పడుతుంది. ఆ ఇంట్లో మనుషులున్నారు, వాళ్ళని బయటికి తెచ్చేలోపే కూలిపోవచ్చు.

"మళ్ళీ జాకీలు పెట్టేదాకా ఆగుతుందా అక్కా?"

లెక్కలంటే నిద్రలో లేపినా చెప్పే మనిషి ఆవిడ.

"తెలీదురా," అంది.

తమ్ముడు పనివాళ్ళెవర్నీ పిలవలేదు. తనే ఒక జాకీ ఎత్తుకుని లోపలికి నడిచాడు. ఆవిడ వెనకే వెళ్ళి రెండో కొస పట్టుకుంది. పైన ఎక్కడో చిటుక్కుమంది. ఇద్దరూ ఉన్నచోటే ఆగి పైకి చూశారు. మళ్ళీ చప్పుడు కాలేదు. ఒకటి నిలబెట్టి బిగించారు, తర్వాత ఇంకోటి, అలా అన్నీ.

బయటికొచ్చి ఇసుక మీద కూలబడ్డారు. తప్పు నాదేరా అని ఆవిడ అనబోతే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వచ్చే స్లాబు కూడా పలచగానే వేయించు అక్కా. కానీ జాకీలు విప్పమని ఫోన్లో చెప్పకు. వచ్చి, దాని కింద నిలబడి చెప్పు."

"సరేరా. ఇప్పుడు పెట్టినవి కూడా నేనొచ్చి కింద నిలబడ్డాకే విప్పు," అంది ఆవిడ.