ఫిలిప్ సార్ టీవీ చదువు

ఆదిలాబాద్‌లో ఫిజిక్స్ లెక్చరర్ ఫిలిప్ ఏ టీవీ కొనాలా అని మూడు నెలలు టీవీ చదువు చదివాడు. పీహెచ్‌డీ కోసం కూడా ఎన్నడూ ఇంత చదవలేదని ఆయనకే తెలుసు. ఆ పీహెచ్‌డీ పన్నెండేళ్ల కింద సగంలో ఆగిన బండి. భార్య వందన బోథ్ దవాఖానలో నర్సు. "టీవీల మీద పట్టా ఇస్తే ఈపాటికి డాక్టర్ ఫిలిప్ అయితుంటివి" అని ఆమె డ్యూటీకి పోతూ అంటే, నిజమే కదా అని తనూ నవ్వుకున్నాడు.

అసలు ఆయన బాధ టీవీ కాదు, కూతురు స్తుతి. డిగ్రీలో చేరినప్పటి నుంచి ఆ పిల్ల కాలేజీ నుంచి రాగానే గదిలో దూరి, తలుపేసుకుని, చిన్న తెర మీద ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆడుకుంటుంది. అన్నానికి పిలిస్తే తప్ప మొహం కనబడదు. హాల్లో మంచి టీవీ ఉంటే ఇక్కడే ఆడుతుంది, పక్కన తనూ కూర్చోవచ్చు, ఆదివారం ఇద్దరూ కలిసి సినిమా చూడొచ్చు అని ఫిలిప్ ఆశ. రమ్మని నోటితో అడిగితే పోయేది. కానీ అడగడం ఆయన సిలబస్‌లో లేదు.

టీవీల దుకాణంలో అమ్మే ఓంప్రకాశ్ నోరు తెరిచేలోపే ఫిలిప్ అందుకున్నాడు. ఆటకైతే తెర సెకనుకు నూట ఇరవై సార్లు మారాలన్నాడు. మీట నొక్కగానే బొమ్మ కదలాలన్నాడు. సినిమాకైతే నలుపు నల్లగా ఉండాలి కాబట్టి ఓఎల్‌ఈడీ రకం తెరే కావాలన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"సార్, గీ దాంట్ల కదలని బొమ్మ దినమంత పెడ్తె మచ్చ పడ్తది," అన్నాడు ఓంప్రకాశ్ మెల్లగా.

"అది తెలివి లేనోళ్లకు పడ్తది," అన్నాడు ఫిలిప్. దుకాణంలో ఉన్న నలుగురూ విన్నారు.

టీవీ వచ్చిన సాయంత్రం స్తుతి నిజంగానే హాల్లోకి వచ్చింది. ఫిలిప్‌కు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"ఎనిమిది అడుగుల దూరం కూసో. గేమ్ మోడ్ పెట్టినవా? గా బంతి నీడ సూడు, గా నీడ ఎట్లొస్తదో ఎర్కేనా..."

కాలేజీలో అయితే పీరియడ్ అయిపోగానే గంట కొడతారు. ఇంట్లో ఎవరు కొడతారు? స్తుతి వరసగా మూడు ఆటలు ఓడింది. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు మళ్లీ గది తలుపు పడింది.

ఇంతలో ఫిలిప్ తండ్రి, బాపు దేవసహాయం జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. ఆయన పోయి నాలుగేళ్లు. ఏటా ఆ రోజు సంఘస్థులు ఇంటికొచ్చి, ప్రార్థన చేసి, భోంచేసి పోతారు. పటానికి దండ వేయరు, దీపం పెట్టరు, ఊరికే ముందుంచుతారు. ఆ పటం తీసిన చోటే గోడకు టీవీ బిగించాడు కాబట్టి, ఈసారి ఫిలిప్ తన బాపు ఫొటోను టీవీలోనే పెట్టాడు. పాస్టరయ్య కూడా మెచ్చుకున్నాడు. అందరూ వెళ్లాక ఫిలిప్ తల్లి సంతోషమ్మ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

"నీ బాపును గింత పెద్దగ ఎన్నడు సూడలే. ఉండనియ్యి కొడుకా."

ఉండనిచ్చాడు. తెల్లవారీ ఉండనిచ్చాడు, ఆ తర్వాతా ఉండనిచ్చాడు. అవ్వ పొద్దంతా చిక్కుడుకాయలు తుంచుతూ, కోడలు కూరలో ఉప్పు ఎక్కువేసిన సంగతి తెరకు చెప్పుకునేది. మచ్చ పడుతుందని ఫిలిప్‌కు తెలియదా? తెలుసు. కానీ బాపును బంద్ చేయమని అవ్వకు ఏ నోటితో చెప్పాలి? పైగా టీవీ తనను తాను కాపాడుకోవడానికి కాసేపటికోసారి వెలుగు తగ్గించుకునేది. "బాపు మొఖం గుంజుకపోయిందిరా, ఏదో పరేషాన్‌ల ఉన్నడు" అని అవ్వ బెంగపడితే, మెనూలో దూరి ఆ రక్షణ తీసేసింది కూడా ఈ మేధావే. ఇంకొకడికైతే అది ఎక్కడుందో కూడా తెలిసేది కాదు.

ఎనిమిది నెలలకు ఒక ఆదివారం క్రికెట్ పెడితే, పచ్చటి మైదానంలో బాపు మీసాలు కనబడ్డాయి. ఛానెల్ మార్చినా పోలేదు. కళ్లజోడు కూడా ఉంది. అవ్వ మాత్రం "యాడికి పోతడు, గీడనే ఉన్నడు" అని సంబరపడింది. ఫిలిప్‌కు తల కొట్టేసినట్టయింది. ఓంప్రకాశ్ ఎదురుపడతాడని కాలేజీకి చుట్టు తిరిగి పోయాడు. ఇంట్లో టీవీ సంగతి అటుంచి, ఫ్యాన్ ఎట్లా తిరుగుతుందో కూడా ఎవరికీ చెప్పలేదు.

వారం గడిచాక ఒక సాయంత్రం స్తుతి తన ఆట సామాను తెచ్చి ఆ టీవీకే తగిలించింది. తాత మీసాల మధ్య నుంచి బంతి కొట్టి, "తాత ఆపలేకపాయె!" అని పగలబడి నవ్వింది. ఫిలిప్ వచ్చి సోఫా కొసన కూర్చున్నాడు.

"నీ గదిల తెర మంచిగనే ఉంది గదా బిడ్డా. గీ మచ్చల టీవీ కోసం ఎందుకొచ్చినవ్?"

"టీవీ కోసం రాలే డాడీ. నువ్వు వారం నుంచి పాఠం చెప్తలేవు గదా, గందుకే వచ్చిన."

ఆ మాట ఫిలిప్‌కు ముల్లులా గుచ్చుకుంది. సంతోషమూ అయింది. ఏది ముందో ఆయనకు తెలియలేదు. స్తుతి తెర మీది కళ్లజోడు చూపించింది.

"అసలు గీ మచ్చ ఎట్ల పడ్తది డాడీ?"

ఫిలిప్ నాలుక కొసకు పూర్తి అధ్యాయం వచ్చింది, పటాలతో సహా. గుటక వేసి మింగేశాడు.

"ఏమో బిడ్డా, నాకెర్కలేదు," అన్నాడు. "గటు సూడు, బంతి పోతుంది."