మూసుకుపోయిన సొరంగం

పళ్ళసెట్లు చేసే ఆయన మధ్యాహ్నం భోజనమయ్యాక, పనిలో మిగిలిన ప్లాస్టర్ పొడి పట్టుకుని మేడ మీది గదికి వెళ్ళేవాడు. అక్కడ సగం గదిని ఆక్రమించిన బల్ల మీద బొమ్మ రైలు, దాని వెనక ఆయన కడుతున్న కొండ. తీగ వలని గుట్టలుగుట్టలుగా వంచి, జిగురులో నానిన పాత పేపరు ముక్కలు దాని మీద పరిచి, ఆరాక ప్లాస్టర్ పూసేవాడు. రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు పట్టించి గడ్డిలా చల్లేవాడు. ఊరవతల రైలు దూరి వెళ్ళే కొండనే చూసి కట్టాడు. పోలిక ఎంత బాగా కుదిరిందంటే, బల్ల మీద పెళ్ళ రాలిన చోటే మర్నాడు అసలు కొండ మీదా రాయి దొర్లేది. అటు ప్రయాణమున్నవాళ్ళు ముందు ఈ ఇంటి గుమ్మంలో నిలబడి, "ఇవాళ మీ కొండ ఎలా ఉందండీ?" అని అడిగి మరీ వెళ్ళేవారు. రాలిన పెళ్ళలు చీపురుతో ఎత్తుతూ ఆయన భార్య జవాబు చెప్పేది.

ఆ ఏడు వానలు పట్టుకున్నాక, బల్ల మీది సొరంగం పైన వెంట్రుకంత పగులు కనిపించింది. ఆయన పూడ్చాడు. తెల్లారేసరికి పూడిక మీంచే మళ్ళీ విచ్చుకుంది. పూడ్చేకొద్దీ వెడల్పయింది. వేలు పెట్టి చూస్తే లోపల్నించి చల్లటి గాలి తగిలింది.

ఆవిడ తమ్ముడు ఆ లైను మీదే రైలు నడుపుతాడు. టీ తాగడానికి వచ్చి, కొండకి అవతలి స్టేషన్లో టికెట్లిచ్చే అమ్మాయి సంగతి ఎత్తాడు.

"రేపు పెళ్ళి మాట అడిగేస్తానక్కా. నాన్చుతూ కూర్చుంటే లాభం లేదు."

"రేపు సెలవు పెట్టు," అన్నాడు బావ.

"నేను మానేస్తే ఇంకొకడు నడుపుతాడు. వాడికి మాత్రం పెళ్ళాం పిల్లలు లేరా?"

"మీ ఆఫీసులో చెప్పి చూడు."

"చెప్పాను బావా. కొండ రాలాకే రైళ్ళు ఆపుతారట."

అతను వెళ్ళాక ఆయన ఇంట్లో ఉన్న ప్లాస్టరంతా బకెట్లో పోశాడు. సంగతి భార్యకి అర్థమైంది.

"సొరంగం మూసేస్తే అవతలివాళ్ళ గతేమిటండీ?"

"మీ తమ్ముడు కావాలా, అవతలివాళ్ళు కావాలా?"

ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి బకెట్లో పోసింది.

మర్నాడు రైలు కొండ దాకా వెళ్ళి ఆగింది. సొరంగం ఉండాల్సిన చోట నున్నటి బండ, దాని మీద గడ్డి. ప్రయాణికులు సణుక్కుంటూ దిగి వెనక్కి నడిచారు. రైల్వేవాళ్ళు పట్టాల చివర ఎర్ర పలక పాతి, టైంటేబుల్ మార్చేశారు. అటు ఫోన్ చేస్తే మోగేది, ఎత్తేవాళ్ళు లేరు. అవతలికి వేరే దారి ఎప్పుడూ లేదు.

తమ్ముడు వచ్చి బల్ల మీది కొండని పైనుంచి కింద దాకా చూశాడు.

"పగులేదీ బావా?"

"సొరంగం మూశాక అదే పూడుకుపోయింది."

"అయితే కొండ అసలు విరిగిపడేదే కాదేమో."

"పడేదేమో కూడా. ఎవరికి తెలుసు?"

అతను వంగి, సొరంగం పూడిన చోట చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"లోపల్నించి ఎవరో కొడుతున్నారక్కా. నీకు వినబడట్లేదూ?"

ఆవిడ మొగుడి మొహం చూసింది.

"వాన చప్పుడురా," అంది.

అక్క మాట కాదనే మనిషి కాదతను. ఆ నెల్లోనే మైదానం లైనుకి మార్పించుకున్నాడు. ఏడు తిరక్కముందే అక్కాబావా చూసిన పిల్లనే చేసుకున్నాడు. పిల్ల నెమ్మదస్తురాలు. మొదటిసారి భోజనానికొచ్చినప్పుడు, మగవాళ్ళు చేతులు కడుక్కోవడానికి లేచాక, వదిన పక్కకి జరిగి మెల్లగా అడిగింది:

"మేడ మీద ఎవరినైనా లోపల పెట్టి గడియ వేశారా వదినా? ఇందాకట్నించీ కొడుతూనే ఉన్నారు."

"లేదమ్మా," అని ఆవిడ లేచి రేడియో పెట్టింది.