ఇంటికొక్క ఉద్యోగం

ఓటర్లను నాయకులు ఎలా కట్టి పడేస్తారన్నది రలీత్సా పరిశోధన. సోఫియాలో డాక్టరేట్ చేస్తూ నాలుగేళ్లుగా అదే పని. బల్గేరియా వాయవ్య మూల ఊళ్లు, అర్జెంటీనా నగరాల శివార్లు, ఫిలిప్పీన్స్ దీవులు, ఈ మూడు చోట్లా జనం ఎవరికి ఎందుకు తలవంచుతారో పక్కపక్కన పెట్టి చూసింది. డబ్బు పంచితే జనం పుచ్చుకుని తమకు నచ్చినవాడికే వేస్తున్నారు. కటిక పేదవాణ్ణి బెదిరించడం దండగ, వాడికి పోయేదేమీ లేదు. అయితే ఇంట్లో ఒక్కరికి మాత్రం నెలనెలా పొడిగించే మునిసిపాలిటీ పని ఉంటే, ఆ ఇల్లు మొత్తం నోరు కట్టేసుకుంటుంది. ఇద్దరికిస్తే ధైర్యం వస్తుంది, ఒక్కరికిస్తే భయం వస్తుంది. ఆమె మూడో అధ్యాయం సారాంశం అది.

ఆ అధ్యాయం చదివి ఆమె పర్యవేక్షకుడు ప్రొఫెసర్ గెర్గోవ్ మురిసిపోయాడు. పదిమందికీ అర్థమయ్యేలా క్లుప్తంగా రాసివ్వమనీ, ప్రజాస్వామ్యం కోసం పనిచేసే ఒక సంస్థ అడుగుతోందనీ చెప్పాడు. రలీత్సా సంతోషంగా రాసిచ్చింది. తన చదువు ఎవరికైనా పనికొస్తే అంతకన్నా ఏం కావాలనుకుంది.

ఏడాది తిరిగాక, తన సిద్ధాంతం మీద జరిగే మౌఖిక పరీక్షకు ముందు ఒకట్రెండు సంగతులు సరిచూసుకుందామని వాయవ్య మూలనున్న చెర్ని బ్రెగ్‌కు బయలుదేరింది. ఆ చిన్న పట్టణంలో బడి వంటశాలలో వండిపెట్టే త్సోనా ఇంట్లోనే ఆమె ఇదివరకు రెండు వేసవులు ఉంది. ఊళ్లో ఎవరు ఎవరికి భయపడతారో కడుపులో దాచుకోకుండా చెప్పిన మనిషి త్సోనా.

ఈసారి త్సోనా గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది. లోపలికి రమ్మనడానికి కాస్త టైము పట్టింది. లోపల ఆమె మొగుడు బోజిల్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్లు నీటి సరఫరాలో పనిచేసిన మనిషిని శీతాకాలంలో తీసేశారట. బడి వంట కాంట్రాక్టు మార్చి త్సోనాను కూడా ఇంటికి పంపారట. ఆ తర్వాత కొడుకు రుమెన్‌ను పిలిచి పార్కు కాపలా పనిచ్చారట, నెలకోసారి సంతకం పెట్టించుకుంటూ. వీధి వీధంతా ఇదే వరస. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరిని తీసేశారు, ఎవరూ లేని ఇంట్లో ఒకరిని పెట్టారు. పార్కులో ఉన్న చెట్లకన్నా కాపలావాళ్లు ఎక్కువయ్యారని బోజిల్ అన్నాడు, నవ్వకుండానే.

"ఎవరి బుర్రలో పుట్టింది ఇది?" అని అడిగింది రలీత్సా.

"మేయరుకు అంత బుర్ర ఎక్కడిది పిల్లా," అంది త్సోనా. "వాడికి చెప్పులు తొడుక్కోవడమే సరిగా రాదు. సోఫియా నుంచి ఎవరో చదువుకున్నవాళ్లు వచ్చి పాఠం చెప్పి వెళ్లారంట. మేయరు బామ్మర్ది సారా దుకాణంలో కూర్చుని అందరికీ వినిపించేలా చదివాడు, ఇద్దరికిస్తే ధైర్యం, ఒక్కరికిస్తే భయం అని. అదేదో సువార్త అయినట్టు."

త్సోనా పెట్టిన బనిత్సా రొట్టె ముక్కను రలీత్సా తిరిగి పళ్లెంలో పెట్టేసింది. ఆ వాక్యం కోసం తాను ఎంత తంటాలు పడిందో, రెండు ముక్కలూ సరిగ్గా తూగేదాకా ఎన్నిసార్లు మార్చి రాసిందో ఆమెకు గుర్తుంది. పెరట్లోకి వెళ్లి ద్రాక్షపందిరి కింద వాంతి చేసుకుంది. బస్సు ప్రయాణం పడలేదని త్సోనాతో అబద్ధం చెప్పింది. అలా చెప్పినందుకు తనమీద తనకే మరింత రోత పుట్టింది.

మర్నాడు సోఫియా తిరిగొచ్చి గెర్గోవ్ గదికి వెళ్లింది. ఆయన వేయించిన పంది చెవులు కాగితంలో పెట్టుకుని తింటున్నాడు. కూర్చోమన్నాడు. తినమన్నాడు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, వేళ్లు ఒక్కొక్కటే నాకి తుడుచుకున్నాడు.

"పరిశోధన అల్మారాలో మగ్గకూడదని నువ్వే కదమ్మా అన్నావు," అన్నాడు. "కత్తి చేసినవాడు కూరే కోయమంటాడా, పీకే కోయమంటాడా? ఆ సంస్థలో నీకో కుర్చీ ఖాళీగా పెట్టాను. డిగ్రీ రాగానే వచ్చి కూర్చో."

"వాళ్లు నా ముందు కూర్చుని ఏడ్చి చెప్పిన సంగతులవి ప్రొఫెసర్ గారూ."

"పేర్లు రాయలేదుగా. మరింకేం?"

ఆయన పెదవులమీద కొవ్వు మెరుస్తోంది. ఈ నోటితోనే అణచివేత అనే మాట మీద మొదటి ఏడాది గంటసేపు పాఠం చెప్పాడు. అప్పుడు తాను ముందు వరసలో కూర్చుని రాసుకుంది. ఆ గదిలో ఇంకొక్క నిమిషం ఉంటే ఆ కాగితం తీసి ఆయన ముఖాన కొడతానేమోనని భయపడి బయటికి వచ్చేసింది.

సిద్ధాంత పరీక్ష రోజున రలీత్సా తన ప్రసంగం పక్కన పెట్టింది. మూడో అధ్యాయంలో చెప్పింది నిజమేనని ఇప్పుడు రుజువైందని మొదలుపెట్టింది. చెర్ని బ్రెగ్‌లో శీతాకాలం నుంచి అది అమలవుతోందనీ, ఆ విద్య వాళ్లకు అమ్మిన మనిషి ఇదే గదిలో ఉన్నాడనీ, దానికి వాడిన కాగితాలు తాను రాసినవేననీ చెప్పింది. గెర్గోవ్ పేరు పెట్టి చెప్పింది.

కుర్చీలు కదిలాయి. పరీక్షకుల్లో పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని, ఫిలిప్పీన్స్ గ్రామాల ఎంపికలో కొంత ఏకపక్షత లేదా అని అడిగాడు. ఇంకొకావిడ, ఈ ముగింపులు ఆఫ్రికాకు కూడా వర్తిస్తాయా అని ఆసక్తిగా అడిగింది. ఆమె చెప్పిన సంగతి గురించి ఎవరూ అడగలేదు. గెర్గోవ్ చేతులు కట్టుకుని, మారాం చేసే పిల్లను చూసే తండ్రిలా చూస్తూ కూర్చున్నాడు. అందరూ ఏకగ్రీవంగా ఆమెకు డాక్టరేట్ ఇచ్చారు. సిద్ధాంతానికి ఆచరణలో ప్రయోజనం ఉందని మెచ్చుకున్నారు కూడా. బయట వైను పోసిన గ్లాసులు అందిస్తుంటే, ఆ చేతులు తనకు తగలకుండా గోడ వెంట నడిచి మెట్లు దిగింది.

ఒక విలేకరి రెండు పేరాలు రాశాడు. సంస్థ ఖండించింది. కుర్చీ గెర్గోవ్ దగ్గరి మరో విద్యార్థికి పోయింది. మేయరు ఎన్నికల్లో గెలిచాడు, కిందటిసారి కన్నా ఎక్కువ ఓట్లతో.

ఎన్నికలైన వారానికి రలీత్సా మళ్లీ చెర్ని బ్రెగ్ వెళ్లింది. ఈసారి గుమ్మంలోనే, ఆ కాగితాలు రాసింది తానేనని త్సోనాకు చెప్పేసింది. త్సోనా తిట్టలేదు. లోపలికీ రమ్మనలేదు.

"నాకు ఎప్పుడో తెలుసు పిల్లా," అంది. "ఆ సారా దుకాణం మాటల్లో సగం నేను నీకు చెప్పినవే. మమ్మల్ని పట్టుకోవడం ఎలాగో రాశావు. విడిపించుకోవడం ఎలాగో కూడా ఏమైనా రాశావా?"

"లేదు పిన్నీ."

"రుమెన్‌ను సోమవారం తీసేశారు. వీధిలో అందర్నీ తీసేశారు. ఓట్లు పడ్డాక ఇంకెందుకని. ఇది కూడా నీ పుస్తకంలో ఉందా?"

అర్జెంటీనా అధ్యాయంలో ఉంది. పేజీ కూడా గుర్తుంది ఆమెకు.

"ఉంది," అంది రలీత్సా.

త్సోనా ఆమె కళ్లలోకి చూసి, "అయితే ముందే చెప్పి చావొచ్చుగా," అని తలుపు వేసుకుంది.