స్టిక్కర్ కింద పగులు

పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి చెల్లెలికి ఒళ్లు మండిపోతోంది. సైకిల్ షాపులో రిపేరు చేసే చేతులు ఆమెవి, కౌంటర్ దగ్గర వాగే నోరు అన్నయ్యది. నోటితో సరిపెట్టుకోక, నిన్న ఆమె లేని వేళ చూసి ఆ పెద్దమనిషి కొత్త రోడ్ బైక్‌ను, వేగంగా తొక్కే ఆ ఖరీదైన సైకిల్‌ను, తుడుద్దామని స్టాండుకు ఎక్కించాడు. సీటు కింది కడ్డీకి పట్టించాల్సిన స్టాండు బిగింపును ఫ్రేము పైపుకే పట్టించి, ఇనుప సైకిలైనట్టు బలంకొద్దీ తిప్పాడు. పైపు పటుక్కుమంది. ఇనుమైతే సొట్టపడి ఊరుకునేది. ఇది కార్బన్, లోపల చీలి పైకి వెంట్రుకంత గీత మాత్రం చూపిస్తుంది. ఆ గీత మీద ఒక స్టిక్కర్ అతికించి, ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయి సుష్టుగా భోంచేశాడు.

పొద్దున ఆ కొత్త స్టిక్కర్ చూసి అనుమానమొచ్చి, ఆమె నాణెంతో పైపు పొడవునా తట్టి చూసింది. అంతటా టక్‌టక్‌మన్న పైపు స్టిక్కర్ దగ్గర డొల్లగా పలికింది. నిలదీస్తే అన్నయ్య తల గోక్కుని, పైకి కనిపించనిదానికి ఇంత రాద్ధాంతమెందుకన్నాడు. కడుపులో ఉన్నదంతా కక్కేదాకా తిట్టింది. ఒక్క ముక్కా అతని చెవికెక్కలేదు.

పదింటికి నర్సు వచ్చింది. ఈ బైక్ కోసమే రెండేళ్లు ఓవర్‌టైం చేసిన మనిషి. ఇంత పోసి కొంటే ఇందులో ఏముందో చెప్పమంది. అన్నయ్య అందుకున్నాడు. చిటికెన వేలితో ఎత్తొచ్చన్నాడు, గేరు మారినట్టే తెలియదన్నాడు, చూస్తేనే సగం డబ్బు గిట్టుబాటైపోతుందన్నాడు. తను రోజూ ఆసుపత్రికి పెద్ద వంతెన దిగి వెళ్లాలని, ఆ వేగానికి తట్టుకుంటుందా అని నర్సు అడిగింది. దానికేం, రాయిలా ఉంటుందన్నాడు మహానుభావుడు.

చెల్లెలు స్పానర్ పక్కన పడేసింది. అన్న పరువు, షాపు పరువు అని నర్సు ముందు ఇంతసేపూ నోరు కట్టుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వచ్చి స్టిక్కర్‌ను గోటితో పీకేసింది.

"మంచి బైక్‌కి అంత డబ్బు ఎందుకు పెడతారంటే అక్కా, వంతెన దిగేటప్పుడు కింద బైకుందన్న సంగతే మర్చిపోయి దిగొచ్చని. దీని మీద అలా దిగితే మనిషి దక్కదు."

అన్నయ్య నవ్వేశాడు. అది పెయింటు గీతేనని, చెల్లెలికి మొదటి నుంచీ చాదస్తమని నర్సుకు సర్దిచెప్పబోయాడు.

"అయితే నువ్వెక్కు అన్నయ్యా. ఒక్కసారి వంతెన దిగి రా. నేనే తుడిచి ఆవిడ చేతికిస్తాను."

నర్సు దారి వదిలి పక్కకు జరిగింది. అన్నయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు. ఒక కాలు ఎత్తాడు కూడా. ఎత్తిన కాలు దించి, పొద్దుటి నుంచి మోకాలు పట్టేసిందన్నాడు.

నర్సు డబ్బు సంచి చంకలో పెట్టుకుని ఆ మోకాలి వంక ఒకసారి చూసింది.

"నన్ను మాత్రం ఎక్కించేవారు" అంది.