బొద్దక్షరాలు

“గ్యాస్ కట్టెయ్యమని రోజూ నేను చెప్పలేను. ఓ కాగితం టైపు కొట్టుకుని గోడకి అంటించుకోరాదూ?” అన్నాడు మా వాడు, టీ గ్లాసు కింద పెడుతూ. కోడలు తలూపింది. షాపుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోగానే మొదట ఆ పనే చూసింది. ‘గ్యాస్ కట్టేయవలెను.’ నేను లామినేషన్ చేసి అంచులు కత్తిరించాను. సాయంత్రానికల్లా అది మా పొయ్యి పైన గోడెక్కింది.

షాపు మాదే. జిరాక్సు, టైపింగు, నోటీసులు, కార్డులు. మా వాడు ఊరంతా తిరిగి పని తెస్తాడు, కోడలు కొడుతుంది, కత్తెర నాది. గుమ్మం మీది బోర్డులో మాత్రం మా వాడి పేరొక్కటే.

కంప్యూటర్లో అక్షరాలు చాలా రకాలున్నాయట. సన్నవి, వంకరవి, తీగల్లా అల్లుకుపోయేవి. అయినా వచ్చినవాళ్లంతా, “బొద్దుగా ఉంటాయే, అవి పెట్టమ్మా” అంటారు. గుండ్రటి బుగ్గలు, నిండు పొట్ట, నెత్తిన చిన్న తలకట్టు. మా వీధిలో ఎటు తిరిగినా అవే. పళ్ల డాక్టరు బోర్డు అవే, టైలరు బోర్డు అవే, అద్దె ఇంటి గేటుకీ అవే. వాటితో ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని రాస్తే లోపల కుక్క తోకాడిస్తున్నట్టుంటుంది. ‘ఇచ్చట మూత్రం పోయరాదు’ అని రాస్తే, పర్లేదులే నాయనా, కానివ్వు అన్నట్టుంటుంది. లిఫ్టు చెడిపోయినా వాటికి నవ్వే, మనిషి పోయినా నవ్వే. మా వాడికి వాటిని చూసీ చూసీ మొహం మొత్తింది. నాకు మాత్రం అవంటే ఇష్టం. రెండో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి. పేపర్లో అక్షరాలు నాకు చీమల బారులా కనిపిస్తాయి. ఇవైతే ఒక్కోటీ విడివిడిగా, స్థిమితంగా కూర్చుంటాయి. వేలు పెట్టి నెమ్మదిగా పట్టుకోవచ్చు.

కోడలికీ వాటి మీద ఇష్టమే. కానీ అది జాలి కలిసిన ఇష్టం.

“పాపం, దీనికి విసుగు రాదా మామయ్యా?” అంది ఒకరోజు, కొడుతూ కొడుతూ. “పెళ్లికి రమ్మనాలన్నా ఇదే, పోయారని చెప్పాలన్నా ఇదే. ఎవరు ఏ మాట నోట్లో పెడితే ఆ మాట పలకాలి. పైగా చూసినవాళ్లందరూ మళ్లీ ఇదేనా అని మొహం చిట్లిస్తారు. పోనీ మానేస్తారా అంటే, ఇది లేకపోతే ఒక్క పూట గడవదు.”

అక్షరాల గురించే అంటోందనుకున్నాను. ఆమె కూడా అలా అనుకునే మొదలుపెట్టి ఉంటుంది. మధ్యలో ఎక్కడో చెయ్యి ఆగింది. అప్పుడు నాకూ తెలిసింది.

గ్యాసు కాగితంతో ఆగలేదు మా ఇంట్లో. స్విచ్చు పక్కన ‘లైటు ఆర్పవలెను.’ ఫ్రిజ్ మీద ‘తలుపు గట్టిగా మూయవలెను.’ బాత్రూంలో ‘బకెట్టు బోర్లించవలెను.’ “నోటితో చెబితే నీకు కోపం. కాగితమైతే గొడవుండదు” అనేవాడు మా వాడు. “అత్తనన్నాక ఒకటి చెప్పుకోకూడదా?” అనేది మా ఆవిడ. ఏ కాగితం మీదా పేరుండదు, ఎవరి కోసమో అందరికీ తెలుసు. అన్నీ కోడలే కొట్టేది. తనను దెప్పే మాటకి కూడా తలకట్టు సరిగ్గా పడిందో లేదో దగ్గరగా వంగి చూసుకునేది. ఇంటికెళ్లి తనే అంటించేది, మూల లేస్తే మళ్లీ తనే నొక్కేది. గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా అవి చుట్టూ నవ్వుతూనే ఉండేవి. “ఇల్లంతా నేను కొట్టిన మాటలే మామయ్యా. అందులో నేనన్న మాట ఒక్కటి వెతికిపెట్టండి చూద్దాం” అంది. గోడలన్నీ తలచుకున్నాను. దొరకలేదు.

ఆమె అడిగింది పెద్దదేం కాదు. ఒక్క ఆదివారం ఎవరికీ ఏమీ అందించకుండా ఊరికే కూర్చోవాలని. మా వాడితో అంటే, “ఆదివారం షాపు మూసే ఉంటుందిగా. ఇంకేం సెలవు నీకు?” అని నవ్వాడు. చెడ్డవాడు కాదు, వాడికి నిజంగానే అర్థం కాలేదు. మా ఆవిడైతే, “నాకెవరిచ్చారే సెలవు?” అంది. ఆ మాటలో కోపం కన్నా దిగులే ఎక్కువ వినిపించిందని కోడలు తర్వాత నాతో అంది.

శనివారం సెలూనాయన వచ్చాడు. “రేపు మా చెల్లెలింట్లో పనుంది తల్లీ. షట్టరుకి తగిలించడానికి ఒకటి కొట్టు. బొద్దువే పెట్టు.”

‘ఈ రోజు సెలవు.’ ఎంతమందికి కొట్టిందో ఆ మాట. ఈసారి రెండు ప్రింట్లు తీసింది.

“రెండెందుకమ్మా?” అన్నాను.

“ఒకటి వేరేవాళ్లది మామయ్యా. దానిక్కూడా తాడు కట్టండి.”

కట్టాను.

తెల్లారి చూస్తే మా వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. గడియకి బోర్డు వేలాడుతోంది. మా వాడు చూసి నెత్తి కొట్టుకున్నాడు. “సెలూనాయన బోర్డు ఇంటికి తెచ్చేసింది! పాపం, ఆయనకి పొద్దున్నే కావాలి.” సెలవనేది షాపులకే గానీ వంటింటికి ఉంటుందని వాడికి తోచలేదు. మొహమైనా కడుక్కోకుండా చొక్కా తగిలించుకుని, బోర్డు పట్టుకుని పరిగెత్తాడు.

అక్కడ షట్టరు మూసి ఉంది. దాని మీద అవే బొద్దక్షరాలతో ఆయన బోర్డు ఆయనకే ఉంది.

బోర్డు చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. “టైలరుదా మరి? పళ్ల డాక్టరుదా?” అని గొణుక్కుంటూ ఆమె కోసం ఇల్లంతా వెతికాడు. కోడలు బాల్కనీలో ఉంది. కుర్చీలో వెనక్కి వాలి, స్టూలు మీద కాళ్లు చాపుకుంది.

“ఇదెవరిది?” అన్నాడు.

“నాది. తీసినచోటే తగిలించండి.”

గొంతు పెంచలేదు. ఎన్ని కాపీలు కావాలండీ అని అడిగినట్టే అంది. మా వాడు బోర్డునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. వెళ్లి తగిలించాడు.

మా ఆవిడకి కళ్లజోడు దొరకలేదు. నేనే వేలు పెట్టి చదివాను. “ఈ… రోజు… సెలవు.”

“ఎవరికిట?”

“నీ కోడలికిట.”

అరుస్తుందనుకున్నాను. ఇంకో కుర్చీ ఈడ్చుకుంటూ బాల్కనీలోకి వెళ్లి, “కాస్త జరగవే” అంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు. పాలు పొంగి మాడిన వాసన బాల్కనీ దాకా వచ్చింది. కోడలి చేతులు కుర్చీని పట్టుకున్నాయి. సగం లేచింది.

మా వాడు టీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చేస్తున్నాడు. వెనకాల పొయ్యి మండుతూనే ఉంది. నేను నోరు తెరిచేలోపు వాడే ఆగి వెనక్కి తిరిగాడు. గోడ మీద బొద్దక్షరాలు నవ్వుతున్నాయి. అవి ఎవర్నీ పేరు పెట్టి పిలవవు. ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్లకే చెబుతాయి.

“గ్యాస్ కట్టేయవలెను” అని చదివాడు, కొత్త నోటీసు చదివినట్టు. గ్లాసులు పక్కన పెట్టి, వెళ్లి కట్టేశాడు.

ఆ టిక్కుమన్న చప్పుడు విని, కోడలు మళ్లీ వెనక్కి వాలి కూర్చుంది.